దూరం తగ్గింది, మరి బాధ్యత?

మన ఇళ్ళకు ఇండియా నుంచి ఎవరు వచ్చినా మొదట వేసే ప్రశ్న ఒకటే: "ఎన్ని గంటలు పట్టింది?" ఎన్ని మైళ్ళు ప్రయాణం చేశారని ఎవరూ అడగరు. దూరాన్ని కాలంతో కొలవడం మనకు కొత్తగా వచ్చిన అలవాటేమీ కాదు. పక్క ఊరు ఎంత దూరమంటే మన పెద్దలు "పూట ప్రయాణం" అనేవారు. చద్దన్నం తిని బయలుదేరితే దీపాలవేళకు చేరతారని చెప్పేవారు. ఆమడలు, క్రోసులు ఉన్నా, మనిషికి కావలసింది ఎప్పుడు చేరతామన్నదే. ఈ వ్యాసంలో ఆ గంటల లెక్కను కాస్త వివరంగా చూసి, దాని వెనుక ఉన్న ఒక ధర్మసందేహాన్ని చదువరుల ముందు పెట్టదలిచాము. సందేహం ఇది: దూరం తగ్గుతున్నకొద్దీ, దూరాన ఉన్నవారి బాధ్యత పెరుగుతూ పోతుందా?

ముందు లెక్క చూద్దాం. చికాగో ఓహేర్ విమానాశ్రయం నుంచి హైదరాబాదు శంషాబాదు విమానాశ్రయానికి, గ్లోబు మీద దారం లాగి కొలిస్తే సుమారు 13,300 కిలోమీటర్లు, మైళ్ళలో 8,250. గోడకు తగిలించిన పటంలో చూస్తే దారి తూర్పుగా అట్లాంటిక్ దాటి, ఐరోపా మీదుగా పోవాలనిపిస్తుంది. గ్లోబు మీది దారం అలా పోదు. అది చికాగో నుంచి దాదాపు ఉత్తరానికే ఎక్కి, కెనడా, గ్రీన్లాండు దాటి 79వ అక్షాంశం సమీపానికి పోయి, అక్కడి మంచు సముద్రం మీదుగా రష్యాలోకి, మధ్య ఆసియాలోకి దిగి మన దేశం చేరుతుంది. జెట్ విమానం గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. భాగిస్తే పదిహేను గంటలకు కొంచెం తక్కువ. ఎక్కడానికి, దిగడానికి, గాలి వాటానికి మరికొంత కలుపుకుంటే పదహారు గంటలు.

కాని ఆ దారం మీద నడిచే విమానం మనకు ఎప్పుడోగాని దొరకలేదు. 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాదు-చికాగోల మధ్య ఎక్కడా ఆగని విమానం మొదలుపెట్టింది. అది ఎక్కువకాలం నిలవలేదు. మధ్యలో ఒకచోట దిగి మారడమే మనకు అలవాటు. దుబాయి మీదుగా పోయామనుకుందాం. చికాగో నుంచి దుబాయి సుమారు 11,650 కిలోమీటర్లు, అక్కడి నుంచి హైదరాబాదు 2,550. మొత్తం 14,200. అంటే చుట్టు తిరిగినందుకు అదనంగా పడేది 900 కిలోమీటర్లే, ఒక్క గంట ప్రయాణం. అయినా పదహారు గంటలు ఇరవైరెండో ఇరవైనాలుగో అవుతాయి. ఆ మిగతా గంటలు ఆకాశంలో గడిచేవి కావు, ఎయిర్‌పోర్టు కుర్చీలో గడిచేవి.

పైగా మనలో చాలామందికి హైదరాబాదు ఇల్లు కాదు. ఇల్లు ఏ అమలాపురంలోనో, పార్వతీపురంలోనో, ఆదోనిలోనో ఉంటుంది. భూగోళంలో మూడోవంతు చుట్టి శంషాబాదులో దిగినవాడు, ఆ తరువాత రాత్రంతా బస్సులోనో రైలులోనో కూర్చోవాలి. ఏనుగు వెళ్ళిపోయి తోక దగ్గర చిక్కినట్టు, పదమూడు వేల కిలోమీటర్లు పదహారు గంటల్లో పోయి, చివరి నాలుగు వందల కిలోమీటర్లకు ఎనిమిది గంటలు పడుతుంది.

అయినా ఇది ఎంత తక్కువ కాలమో తెలియాలంటే వెనక్కి చూడాలి. వివేకానందస్వామి 1893 మే 31న బొంబాయిలో ఓడ ఎక్కారు. కొలంబో, సింగపూరు, హాంకాంగు, జపాను మీదుగా పసిఫిక్ దాటి వాంకూవరులో దిగి, రైలులో చికాగో చేరేసరికి జూలై నెలాఖరయింది. రెండు నెలలు. 1960లో ఎయిరిండియా బోయింగు 707తో న్యూయార్కుకు సర్వీసు మొదలుపెట్టింది. 1971లో 747 విమానాలు తెచ్చింది. ఆ తరువాత మనవాళ్ళు వందలుగా, వేలుగా వచ్చారు. రెండు నెలల ప్రయాణం రెండు పూటలయింది.

ఇక అసలు విషయానికి వద్దాం. రెండు నెలల దూరాన కొడుకు ఉన్న రోజుల్లో, తండ్రి పోతే కొడుకు రాలేదని ఎవరూ తప్పుపట్టేవారు కాదు. తప్పుపట్టే అవకాశమే లేదు. గాంధీగారు 1888లో చదువుకోసం లండను వెళ్ళారు. ఆయన అక్కడ ఉండగానే ఇంటిదగ్గర తల్లి పుత్లీబాయి పోయింది. పరాయిదేశంలో ఒంటరిగా ఉన్నవాడికి ఆ దెబ్బ తగలకూడదని అన్నగారు ఆ వార్త దాచారు. 1891లో బొంబాయిలో ఓడ దిగిన తరువాతే ఆయనకు తెలిసింది. ఈ సంగతి ఆయన ఆత్మకథలో రాసుకున్నారు. ఇక్కడ అన్నగారిని గాని తమ్ముణ్ణి గాని వేలెత్తి చూపే ప్రశ్నే పుట్టదు. దూరమే ఇద్దరికీ సమాధానం చెప్పింది.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ ఇంకా బరువైనది. ఆయన 1920ల తొలినాళ్ళలో అమెరికా వచ్చారు. వచ్చాక ఇంటిదగ్గర పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. భార్య అక్కడే ఉండిపోయింది. ఎందరి ప్రాణాలనో కాపాడిన మందుల వెనుక ఆయన పరిశోధన ఉంది. కాని 1948లో కన్నుమూసేదాకా ఆయన ఒక్కసారైనా స్వదేశానికి తిరిగి వెళ్ళలేదు. ఆ రోజుల్లో వెళ్ళిరావడమంటే నెలల మాట, డబ్బు మాట. ఆయనను ఈనాటి కొలతతో కొలవడం న్యాయం కాదు.

ధర్మశాస్త్రాలు కూడా ఈ దూరాన్ని గుర్తించాయి. దేశాంతరంలో ఉన్నవాడికి జ్ఞాతి మరణవార్త ఎప్పుడు చేరితే అప్పటినుంచే అతని లెక్క. పదిరోజులలోపు వింటే మిగిలిన రోజులు మైల పట్టాలి, పదిరోజులు దాటాక వింటే మూడు రాత్రులు, ఏడాది దాటాక వింటే స్నానంతో సరి అని మనుస్మృతి చెబుతుంది. తల్లిదండ్రుల విషయంలో తరువాతి గ్రంథాలు ఇంత సడలింపు ఇవ్వలేదు. కాని సూత్రం స్పష్టం: వార్త చేరేదాకా బాధ్యత మొదలుకాదు. ఆ శాస్త్రకర్తలు మనిషి ప్రయాణాన్ని, వార్త ప్రయాణాన్ని లెక్కలోకి తీసుకునే ధర్మం చెప్పారు. ఈనాడు వార్తకు దూరమే లేదు. అక్కడ ఊపిరి ఆగిన ఐదు నిమిషాలకు ఇక్కడ ఫోను మోగుతుంది. శీతాకాలంలో మనకూ వారికీ పదకొండున్నర గంటల తేడా కాబట్టి, వారి మధ్యాహ్నం మన అర్ధరాత్రి. వార్త ఐదు నిమిషాల్లో వస్తుంది, మనిషి ఒక రోజుకు గాని చేరడు. ఈ మధ్యలో ఉన్న ఒక రోజే మన తరానికి ప్రత్యేకమైన కష్టం. మన తాతలకు వార్తా ఆలస్యంగానే వచ్చేది, మనిషీ ఆలస్యంగానే వచ్చేవాడు. ఎదురుచూడమని చెప్పడానికి ఫోనులో గొంతు ఉండేది కాదు.

ఇప్పుడు ఉంది. "నేను బయలుదేరుతున్నాను, ఉంచండి" అంటాం. ఊళ్ళో ఫ్రీజర్ బాక్సు అద్దెకు తెస్తారు. శవం లేచేదాకా పొయ్యి వెలిగించని ఇంట్లో ముసలివాళ్ళు, పిల్లలు రెండు రాత్రులు గడుపుతారు. ఇదీ కొత్తది కాదు. రామాయణంలో దశరథుడు పోయినప్పుడు పెద్దకొడుకు అడవిలో, భరతుడు కేకయరాజ్యంలో ఉన్నారు. కొడుకు లేకుండా సంస్కారం చేయడం ఇష్టంలేక రాజు శరీరాన్ని తైలద్రోణిలో ఉంచి భరతుడికోసం దూతలను పంపారు. అతనికి దారిలో ఏడు రాత్రులు పట్టింది. మన ఫ్రీజర్ బాక్సుకు పూర్వరూపం ఆ తైలద్రోణి. కాని అదే కథలో రెండో కొడుకును మరిచిపోకూడదు. రాముడికి వార్త ఆలస్యంగా, చిత్రకూటంలో తెలిసింది. ఆయన మందాకినిలో దిగి నీళ్ళు వదిలాడు. అడవిలో దొరికే గారపిండి, రేగుపళ్ళు కలిపి పిండం పెట్టాడు. రాగలిగినవాడు వచ్చి చేశాడు. రాలేనివాడు ఉన్నచోట, ఉన్నదానితో చేశాడు. వాల్మీకి ఈ ఇద్దరిలో ఎవరి పితృభక్తినీ తక్కువ చేయలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. రాముడు తండ్రి మాట నిలపడానికి వెళ్ళాడు. మనం జీతంకోసం వచ్చాం, రెండూ ఒకటెలా అవుతాయని. నిజమే. కాని పూర్తిగా నిజం కాదు. మనలో ఎందరినో తండ్రులే పంపారు. పొలం తాకట్టు పెట్టి టిక్కెట్టు కొన్నవారు, పంపడాన్ని తమ జీవితానికే గర్వకారణంగా చెప్పుకున్నవారు ఉన్నారు. పంపినవారికీ, వెళ్ళినవారికీ మధ్య ఒక ఒప్పందం ఉంది. అందులో ఈ చివరిరోజు గురించిన షరతు మాత్రం ఎవరూ రాసుకోలేదు.

"చేయగలిగినవాడికే చేయవలసిన బాధ్యత" అన్నది పాశ్చాత్య తత్త్వవేత్త కాంట్ పేరుతో ముడిపడిన సూత్రం. పీటర్ సింగర్ అనే తత్త్వవేత్త 1972లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో, సాయం చేయగలిగినప్పుడు, బాధితుడు పక్కింట్లో ఉన్నాడా వేలమైళ్ళ దూరంలో ఉన్నాడా అన్నది నైతికంగా తేడా కాదని వాదించాడు. ఆయన మాట్లాడింది ముక్కూమొహం తెలియని ఆకలిగొన్నవారి గురించి. కన్నవారి విషయంలో ఆ మాట ఇంకా బలంగా వర్తించాలి కదా అనిపిస్తుంది. పదహారు గంటల్లో చేరగలిగినవాడు చేరి తీరాలి. దూరం ఇక సాకు కాదు.

వినడానికి తిరుగులేని వాదం. కాని "చేరగలగడం" అంటే ఏమిటన్నది తేల్చుకోవాలి. విమానం చేరగలగడం వేరు, మనిషి చేరగలగడం వేరు. ఓసీఐ కార్డు ఉన్నవాడు వీసా లేకుండా ఎక్కి దిగగలడు. పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరినవాడు ఇండియా వెళ్ళగలడు కాని, కాన్సులేటులో మళ్ళీ ముద్ర పడేదాకా తిరిగి రాలేడు. వెనుక ఉద్యోగం, చదువుకునే పిల్లలు ఇక్కడ ఉంటారు. అతనికి హైదరాబాదు పదహారు గంటల దూరం కాదు, ఎన్ని నెలలో చెప్పలేని దూరం. ఆకాశం కూడా అందరిదీ కాదు. 2022 నుంచి రష్యా తన గగనతలాన్ని అమెరికా, ఐరోపా విమానాలకు మూసింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాను భారత విమానాలకు మూసింది. గ్లోబు మీది దారం మారలేదు, దాని మీద నడిచే హక్కు మారింది. 2020 మార్చి చివరలో అయితే భారతదేశానికి మామూలు అంతర్జాతీయ విమానాలే ఆగిపోయాయి. ప్రత్యేక విమానాలు నడిచినా, మామూలు సర్వీసులు తిరిగి మొదలయ్యింది 2022 మార్చి 27న. ఆ రెండేళ్ళలో ఎందరో చితి వెలగడాన్ని ఫోను తెర మీద చూశారు. ఎంత టెక్నాలజీ ఉన్నా మనం మళ్ళీ 1893కు వెళ్ళిపోగలమని ఆ రోజులు చూపించాయి.

ఊళ్ళో చుట్టాలకు ఈ తేడాలు తెలియవు. "ఫలానావారి అబ్బాయి మర్నాటికల్లా దిగాడు, వీడేమో మూడోరోజుకు కూడా రాలేదు" అనే మాట తేలికగా అనేస్తారు. టైంటేబులు చూసి మనిషిని తూచడం అది. బాధ్యతను విమానం వేగంతో కాక, మనిషి వీలుతో కొలవాలన్నదే మా అభిప్రాయం.

అయితే "వీలు" అనే మాట కూడా జారుడు బల్లవంటిది. వీలులేదని చెప్పడం ఎంత సులభమో మనందరికీ తెలుసు. అందుకు ఒక పరీక్ష ఉంది. ఇదే వారంలో, ఇంతే ఖర్చుతో, మన కంపెనీ మనల్ని సింగపూరు పొమ్మంటే పోయేవాళ్ళమా? పోయేవాళ్ళమైతే, లేనిది వీలు కాదు. పోలేని పరిస్థితి నిజంగా ఉంటే, ఆ మనిషి రాముడిలాగే ఉన్నచోట నీళ్ళు వదలవచ్చు, సిగ్గుపడనక్కరలేదు.

ఇంతవరకు చావు గురించే మాట్లాడాం. ఈ చర్చ ఎక్కడ మొదలుపెట్టినా అక్కడికే చేరుతుంది. అందులోనే అసలు లోపం ఉందని మాకు తోస్తున్నది. పదహారు గంటల్లో చేరగలమన్న ధైర్యం మనకు భీమా పాలసీలా పనిచేస్తున్నది. "అవసరమైతే విమానం ఎక్కేస్తాం" అనుకుంటాం. ఆ "అవసరం" అనే మాటకు మెల్లగా ఒకే అర్థం మిగులుతుంది: ఆస్పత్రి నుంచి ఫోను రావడం. ఓడ ఎక్కినవాడికి ఈ భ్రమ లేదు. మళ్ళీ చూస్తామో లేదోనని అతనికి తెలుసు. కాబట్టి వెళ్ళేముందు చెప్పవలసినవి చెప్పాడు, వెళ్ళాక పేజీలకొద్దీ ఉత్తరాలు రాశాడు. ఎప్పుడైనా వెళ్ళగలిగినవాడు ఎప్పుడూ వెళ్ళడు. గుడి పక్కన కాపురమున్నవాడు తీర్థం రోజున కూడా గుడికి పోలేనట్టు.

చిన్న లెక్క వేయండి. తల్లికి డెబ్బై అయిదేళ్ళు. ఇంకో పదేళ్ళు ఉంటుందనుకుందాం. రెండేళ్ళకొకసారి మూడేసి వారాలు వెళితే, పదేళ్ళలో అయిదుసార్లు. మొత్తం నూట అయిదు రోజులు. అందులో పెళ్ళిళ్ళకు, బట్టల కొట్లకు, బాంకు పనులకు, తిరుపతికి పోయిన రోజులు తీసేయండి. మిగిలినవి ఆమెకు ఎదురుగా కూర్చున్న రోజులు. చాలామందికి ఈ లెక్క అరవై దాటదు. చికాగో-హైదరాబాదు దూరానికి ఇంతకన్న సరైన కొలత మాకు తోచలేదు. విమానం ఇంకో రెండు గంటలు వేగంగా పోయినా ఈ అంకె మారదు.

మరొకరి సంగతి కూడా చెప్పుకోవాలి: అసలు దూరమే లేనివారి సంగతి. మన ఇళ్ళలో అక్కడే ఉండిపోయిన తమ్ముడో, చెల్లెలో, వదినో ఉంటారు. నాన్నగారికి మాత్రలు ఇచ్చింది, రాత్రుళ్ళు లేచి కూర్చున్నది, కరెంటుబిల్లు కట్టింది వారే. చివరిరోజున మనం విమానం దిగి, కారులో నేరుగా వచ్చి, తలకొరివి పెడతాం. "ఎంత దూరం నుంచి పరుగెత్తుకొచ్చాడో" అని పదిమంది మనల్ని మెచ్చుకుంటారు. పదేళ్ళు పక్కనున్నవారు తడికళ్ళతో పక్కకు జరిగి నిలబడతారు. వచ్చినవాడి దూరానికి విలువకట్టి, ఉన్నవారి దగ్గరతనానికి కట్టకపోవడం ఎక్కడి న్యాయం? ఈ రోజుల్లో కూతుళ్ళు కూడా తలకొరివి పెడుతున్నారు. పెద్దకొడుకు దారిలో ఉన్నాడని శవాన్ని రెండు రాత్రులు ఆపడంకన్న, దగ్గరున్న బిడ్డ చేత ఆ పని జరిపించడం చాలా కుటుంబాలలో ఎక్కువ ధర్మమనిపిస్తుంది. ఎగిరి వచ్చినవాడు దినవారాలకు అందితే చాలు.

కనుక మొదటి ప్రశ్నకు మా జవాబు ఇది. దూరం తగ్గితే బాధ్యత పెరుగుతుంది. కాని అది చావుకు పరుగెత్తే బాధ్యత కాదు, బతికుండగా వెళ్ళే బాధ్యత. పదహారు గంటల విమానం తెచ్చిన అసలు వరం, మూడురోజుల సెలవుతో కూడా అమ్మ చేతి అన్నం తిని రాగలగడం. దాన్ని శ్మశానానికి మాత్రమే వాడుకుంటే ఆ వరాన్ని సగానికి సగం పారేసినట్టే.

ఆచరణలో చేయదగినవి కొన్ని ఉన్నాయి. పాస్‌పోర్టు, ఓసీఐ, వీసా కాగితాల గడువులు ఏడాదికొకసారి చూసుకోవాలి. తల్లిదండ్రులతో, తోబుట్టువులతో కూర్చుని, మేము అందకపోతే ఎవరు చేయాలి, ఎంతసేపు చూడాలి అనే మాట ముందే మాట్లాడుకోవాలి. అపశకునమని వాయిదా వేయకండి. పెద్దవాళ్ళు మనకన్న ధైర్యంగా ఈ మాట మాట్లాడతారు. దగ్గరున్న తమ్ముడికీ చెల్లెలికీ డబ్బు పంపడంతో సరిపెట్టకుండా, ఏటా కొన్ని వారాలు మనమే వెళ్ళి ఆ పని అందుకుని వారిని విశ్రాంతిగా ఎక్కడికైనా పంపాలి. ఇది చేసిన కుటుంబాలలో చివరిరోజున ఎవరికీ ఎవరిమీదా కోపం ఉండదు.

దీనితో ఏకీభవించని సభ్యులు కూడా ఉంటారని తెలుసు, ముఖ్యంగా కర్మ ఎవరు చేయాలన్న విషయంలో. వారు తమ అభిప్రాయాలు రాసి పంపితే తరువాతి సంచికలో తప్పక వేస్తాము. ఉగాది సమావేశంలో భోజనాల తరువాత ఒక గంట ఈ చర్చకు కేటాయిస్తే బాగుంటుంది. వేసవి సెలవులకు టిక్కెట్లు కొనేవారు ఈలోగానే కొనుక్కోగలరు.